తోలేవాడి సంతోషం

మనకి సంతోషం కూడా తప్పేనా? బాధ రాస్తే దళిత సాహిత్యం అంటారు. సంతోషం రాస్తే ‘వీడు మారిపోయాడు’ అంటారు. మెటడోర్ వ్యాను తోలినవాడిగా అడుగుతున్నా.

చాలా ఏళ్లు పాత డీజిల్ మెటడోర్ తోలాను. ఒంగోలులో బయల్దేరి గుండ్లకమ్మ దాటి, మేదరమెట్ల, మార్టూరు మీదుగా చిలకలూరిపేట. అప్పట్లో 5వ నంబరు హైవే. 2010లో నంబరు 16 అయింది. 60 దాటితే బండికి ఒళ్లంతా వణుకు. అయినా చురుగ్గా పోయేది. ఎట్టాగంటే, ఊపు పోనిచ్చేవాణ్ని కాదు. చూపు దూరంగా పెట్టి, ఎత్తు రాకముందే ఊపందుకుని, ఇంజను మూలిగేలోపే గేరు మార్చేవాణ్ని. ముందు బండి నెమ్మదిస్తుంటే అప్పుడే కాలు తీసేసేవాణ్ని, బ్రేకుతో పనిలేకుండా. కొత్త కార్లు దాటిపోయేవి. పోనీ. ఆ వేగం కారుది, ఈ చురుకు నాది.

లేమిని పొగుడుతున్నానని అనుకోవద్దు. ‘ఉన్నదాంతో సర్దుకోండ్రా’ అని ఆసాములు తరతరాలుగా చెబుతున్నదే. మంచి బండి నాకూ కావాలి. నా సంతోషమల్లా చేతిలో పనితనం ఉన్నందుకు. చెప్పులు కుట్టినా, డప్పు కట్టినా మనోళ్ల పనితనాన్ని కులమన్నారు గానీ విద్య అన్లేదు.

1893లో తిరువాన్కూరులో, పులయలు పోగూడదన్న దారిలో అయ్యంకాళి తలపాగా చుట్టి ఎడ్లబండెక్కి పోయాడు. దారి మీద హక్కంటే అది. 1929లో చాలీస్‌గావ్‌లో అంబేద్కర్‌ని ఎక్కించుకోడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. ఆయన్ని నడిపిస్తే మర్యాద కాదని మనవాళ్లే టాంగా అద్దెకి తెచ్చి, తోలడం రాని మనిషిని కూర్చోబెట్టారు. కల్వర్టు మీద ఆయన రాళ్లపై పడ్డారు, కాలు విరిగింది. తోలనన్నది వాళ్లు, కాలు విరిగింది మనకి. అందుకే ఆత్మగౌరవానికి పనితనం తోడుండాలంటాను.

ఇంకో లెక్కుంది. కూలికెళ్తా హైవే దాటేవాళ్లు, పక్కన సైకిలు తొక్కేవాళ్లు ఎవరు? ఎక్కువమంది మనోళ్లే. వాళ్లు కనపడితే ఎంత కష్టపడి తెచ్చుకున్న ఊపైనా వదిలేయాల్సిందే. ఎదుటోణ్ని బెదరగొట్టి తెచ్చుకునేది దొరల సంతోషం. అది మనకొద్దు.

పోరాటం కూడు కోసం, భూమి కోసం, మర్యాద కోసం. మనిషి తన పనిలో తాను సంతోషపడే రోజు కోసం కూడా కాదా? ఆ సంతోషం ఒక గంటసేపు స్టీరింగు దగ్గర ముందే దొరికితే, దాన్ని దాచిపెట్టకండి. అదీ మన చరిత్రే. రాయండి.