అల్లుడా, ముందు అమ్మ కుర్చీ వెయ్యి

అల్లుడా,

హోమ్ థియేటర్ రిసీవర్ కొన్ననని నిన్న రాత్రి ఫోన్ల చెప్తుంటే నీ గొంతుల సంబరం నాకు తెలిసింది. మీ నాన్న మొదటిసారి టేప్‌రికార్డర్ చంకల పెట్టుకొని మన గల్లీలకు వచ్చిననాడు గూడ గట్లనే మాట్లాడిండు. డబ్బా విప్పే ఉంటవు. వెనక పలక మీద అన్ని సాకెట్లు చూసి బెదరకు, అన్నిటినీ నింపాలని గూడ అనుకోకు. నీకు కావలసినవి కొన్నే.

వైర్లకన్న ముందు ఒక పని చెయ్యి. టీవీకి ఎదురుగ అమ్మ కూర్చునే కుర్చీ వేసి, దాని కాళ్ల చుట్టూ సుద్దతోని గీత గియ్యి. మా అక్కకు, అదే మీ అమ్మకు, ఎడమ చెవి మందగించి రెండేండ్లయింది. సీరియల్ల ఎవరేమన్నరో పక్క ఖోలీ ఆమెను అడుగుతుంటది. నువ్వు డ్యూటీల ఉంటవు గనక నీకు తెల్వదు. ఇంత సొమ్ము పోసి తెచ్చిన మిషన్ ఆమెకు మాటలు వినిపియ్యాలె. ఉరుములు, బాంబులు తర్వాత. నేను ఇంత పొడుగు జాబు రాసేది ఆ ఒక్కదాని కోసమే.

వైరు కోసం ల్యామింగ్టన్ రోడ్డుకే పో. బోర్డు మీద డాక్టర్ దాదాసాహెబ్ భడ్‌కమ్‌కర్ మార్గ్ అని ఉన్నా, 1907 దాక బొంబాయి గవర్నరుగ ఉన్న దొర పేరే జనం నోట్ల మిగిలింది. నేను ఆ రోడ్డు మీదనే ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ ముసలోణ్ణయిన. స్పీకర్ వైరు మీటరు లెక్కన అమ్ముతరు. చవకగ ఇచ్చేదాంట్ల చాలామటుకు అల్యూమినియం మీద రాగి పూతనే. చేతిల పట్టుకుంటే తేలికగ ఉంటది. ఒక పోగును బ్లేడుతోని గీకు, లోపల తెల్లగ కనబడితే అక్కడనే పెట్టి రా. అసలు రాగి లోపలిదాక ఎర్రగనే ఉంటది. ఈ ఊరికి రాళ్లు మోసి, సున్నం కలిపి ఇండ్లు కట్టిన కామాఠోళ్ల పేరు మీద వెలసిన పేట మనది. సరుకు చేతిల పట్టి చూడంది మన పెద్దలు కొనలేదు.

మీ ఖోలీ 10 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. ముందటి స్పీకర్లకు 1.5 స్క్వేర్ ఎంఎం వైరు చాలు. వెనకటివాటికి చౌకట్టు మీది నుంచి, మాళా, అదే అటక, అంచు వెంబడి తిప్పితే 10 మీటర్లు దాటుతది, వాటికి 2.5 తీసుకో. అంతకన్న ఖరీదైన వైరు ఎవరన్న అంటగట్టజూస్తే వద్దని చెప్పు. అంత చిన్న గదిల ఆ తేడా ఏ చెవికీ అందదు.

ఇగ జాగ్రత్త మాట. ప్లగ్గు గోడల నుంచి పీకినంకనే చెయ్యి పెట్టు, స్విచ్ ఆపితే చాలదు. నా పెండ్లయిన ఏడాది ఒక గిరాకి ఇంట్ల, తొందరల, ఆంప్లిఫయర్ నడుస్తుండంగనే స్పీకర్ వైరు మార్చిన. వెంట్రుకంత పోగు ఒక్కటి ఎర్ర టెర్మినల్ నుంచి నల్లదాన్ని తాకింది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోయినయి. ఆ నెల జీతం దానికే పోయింది, మీ అత్త ఆ నెలంతా ఏమీ అనకుండ గడిపింది. ఇప్పటి రిసీవర్లు అట్లాంటప్పుడు ‘ప్రొటెక్ట్’ అని చూపించి వాటంతట అవే ఆగిపోతయి. అయినా దాని మీద భారం వెయ్యకు. కొసలు అర అంగుళమే ఒలిచి, గట్టిగ మెలిపెట్టి, బనానా ప్లగ్గులు బిగించు. ఒక్క పోగు గూడ బయటికి రావద్దు.

ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. చిన్న విషయం అనిపిస్తది గని, నా దగ్గరికి ‘సౌండ్ల దమ్ము లేదు’ అని వచ్చిన ఫిర్యాదుల్ల ఎన్నో ఇక్కడనే తేలినయి. రెండిట్ల ఒకటి తిరగేస్తే ఒక స్పీకర్ గాలిని ముందుకు నెడుతుంటే ఇంకోటి వెనకకు గుంజుతది. బేస్ పలుచబడుతది, పాడే మనిషి గొంతు ఎక్కడి నుంచి వస్తున్నదో తెల్వదు. గోడ మీది నుంచి వచ్చిన వైరుల ఏ కొస ఏదో అనుమానమొస్తే, రిసీవర్ వైపు కొసలు ఊడదీసి గడియారంల వేసే 1.5 వోల్టుల సెల్లుకు ఒక్క క్షణం ముట్టించు. స్పీకర్ కోన్ ముందుకు దుంకితే సెల్లు ప్లస్ తాకిన కొస ఎర్రది. స్పీకర్ల వెనక 8, 6, 4 అని ఓముల అంకె ఉంటది. రిసీవర్ పలక మీద రాసినదానికన్న అది తక్కువ ఉండకుండ చూసుకో.

అమ్మకు పనికొచ్చేది నడిమి స్పీకర్, సెంటర్ అంటరే, అది. 5.1 సినిమాల మాటలు దాదాపుగ అన్నీ దాంట్ల నుంచే వస్తయి. దాన్ని అల్మారిల తోసెయ్యకు, టీవీ కిందనే పలక అంచుకు తెచ్చి, ముందటి భాగం కొంచెం పైకి లేపి, కుర్చీల కూర్చున్న మనిషి చెవుల వైపు చూసేటట్టు పెట్టు. వెనక స్పీకర్లు కుర్చీకి రెండు పక్కల, కొంచెం వెనకకు. డబ్బాల వచ్చిన మైకును కుర్చీల, అమ్మ చెవి ఎత్తుల నిలబెట్టి కొలత తియ్యి. ఆ నిమిషంల గ్యాలరీల పిల్లలను ఆడుకోవద్దని బతిమాలు. కొలత అయినంక సెంటర్‌ను 2, 3 డెసిబెళ్లు నీ చేతితోని పెంచు. మిషన్‌కు అక్క చెవి సంగతి తెల్వదు.

టీవీ సంగతి సులువు. సెట్‌టాప్ బాక్సు, బ్లూరే ప్లేయరు రెండూ హెచ్‌డీఎంఐ వైర్లతోని రిసీవర్‌లకు పోవాలె. రిసీవర్ నుంచి టీవీకి ఒక్క వైరే పోతది, రెండు వైపుల గూడ ఏఆర్‌సీ అని రాసి ఉన్న సాకెట్లల్ల పెట్టు. 2009ల వచ్చిన ఏర్పాటు ఇది. బొమ్మ పోయిన వైరు మీదనే టీవీల యూట్యూబ్ సౌండు వెనకకు వస్తది. టీవీ సెట్టింగుల సీఈసీ ఆన్ చెయ్యి, డిజిటల్ ఆడియో పీసీఎం అని ఉంటే ఆటోకు మార్చు. లేకుంటే చాలా టీవీలు రెండు చానళ్లే పంపుతయి, ఐదు స్పీకర్లు ఉన్నా లాభముండదు. పెదవులకు మాటకు పొంతన కుదరకపోతే లిప్ సింక్ అని ఒకటుంటది, సరిచేసుకో.

బావ రికార్డ్ ప్లేయర్ మాళా మీద ఇంకా ఉన్నదని అక్క చెప్పింది. దాన్ని సీడీ సాకెట్‌కు తగిలియ్యకు. రికార్డు ముల్లు నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టుల లోపు, సీడీ ఇచ్చేది 2 వోల్టుల దాక. పైగ రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి, కీచు పెంచి కోస్తరు. దాన్ని మళ్లా సరిచేసేది ఫోనో సాకెట్టే. అది లేకుంటే ఫోనో ప్రీఆంప్ అని చిన్న డబ్బా నడుమ పెట్టాలె. ప్లేయర్ నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ వైరును స్క్రూకు చుట్టు, మరిచిపోతే గుయ్యిమని మోగుతనే ఉంటది. ఆ రికార్డులు నాకోసం తుడిచి పెట్టు, బావ చేతుల మీద కొన్నవి అవి.

గుయ్యిమనే ఆ మోత టీవీ పెట్టినప్పుడే వస్తే, కేబుల్ వాళ్ల వైరు బాక్సుల నుంచి పీకి చూడు. ఆగిపోయిందా, దోషం ఆ వైరుది, ఐసొలేటర్ ఒకటి పెడితే సరిపోతది. మోత ఆపడానికి ప్లగ్గుకున్న మూడో పిన్ను మాత్రం విరగ్గొట్టకు. అది ప్రాణం కాపాడే పిన్ను. మన పాత బిల్డింగుల్ల మూడో రంధ్రం ఉన్నా లోపల ఎర్తు వైరు లేని ఇండ్లు ఎన్నో చూసిన. ముందు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపియ్యి.

సబ్‌వూఫర్‌కు వైరు ఒక్కటే. క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టు, కింద మందపు రబ్బరు చాప వెయ్యి. మన నేలలు చెక్క దూలాల మీద నిలిచినయి, ఇంట్ల గుద్దు గుద్దితే కింది ఖోలీ కప్పు మీద మోగుతది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలల్ల నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 తర్వాత 45 డెసిబెళ్లని ఉన్నది. కింద రాత్రి డ్యూటీ చేసి వచ్చి పొద్దుగాల పండుకునేటోళ్లున్నరు, వాళ్లకు రాత్రి అదే. నైట్ మోడ్ పెట్టుకుంటే గట్టి చప్పుళ్లు తగ్గి మెల్లటి మాటలు పైకి వస్తయి. అక్కకు పగలు గూడ అదే నయం.

రిసీవర్ మీద గుడ్డ కప్పకు, బాక్సు పెట్టకు, దానికి పైన గాలి ఆడాలె. వానకాలం పోయినంక ఏటా వైరు కొసలు చూసి, నల్లబడ్డది కోసేసి కొత్తగ ఒలువు. సముద్రపు గాలి రాగిని ఊరికెనే ఉంచదు.

అన్నీ అయినంక మొదట మాయాబజార్ పెట్టు. 1957ల వచ్చిన సినిమా, ఒక్క చానల్ మీద పట్టిన సౌండు. దాన్ని ఐదు స్పీకర్లల్ల పరిచే మోడ్‌లు పెడితే మాట వెనక నుంచి గూడ వచ్చి కలగాపులగమైతది, ప్రో లాజిక్ పెడితే మాట సెంటర్‌కే చేరుతది. 2010ల రంగులద్ది విడుదల చేసినదానికి డీటీఎస్ కూర్చిన్రు, అది వేరే కథ, తర్వాత చూడు. అమ్మను కుర్చీల కూర్చోబెట్టి, నువ్వు ఆమె ఎడమ పక్కన కింద కూర్చో. వాల్యూమ్ చిన్నగ మొదలుపెట్టి, ఆమె ముఖమే చూస్తూ పెంచు. పక్కింటామెను అడగకుండ ఆమె తనంతట తాను నవ్విన చోట ఆపి, ఆ అంకె కాగితం మీద రాసి రిమోట్ వెనక అతికియ్యి.

ఆదివారం పదిగంటలకల్ల వస్త. టెస్టరు, మీటరు నేనే తెస్త.

మీ మామ