నొప్పి దాచుకోవడం ధైర్యమా?

నేను మా బడి ఖో-ఖో జట్టులో ఆడతాను. పోయిన సంవత్సరం తాలూకా పోటీలకు ముందు రెండు నెలలు మా పీటీ సార్ పొద్దున ఆరున్నరకే మమ్మల్ని గ్రౌండుకు రమ్మనేవారు. నేల మీద తాళ్లతో నిచ్చెనలాగా గళ్లు పరిచి, ఒక్కో గడిలో రెండు పాదాలూ ఆనేలా చకచకా పరిగెత్తించేవారు. తర్వాత ప్లాస్టిక్ కోన్‌ల మధ్య వంకర పరుగు, ఆ తర్వాత ముప్పై మీటర్ల పరుగు. ఈల వేస్తే ఉన్నచోటే ఆగాలి, మళ్లీ వేస్తే వెనక్కి తిరిగి పరిగెత్తాలి. చలిలో లేవడం కష్టమే గానీ, నెల తిరిగేసరికి నిజంగానే నా వేగం పెరిగింది.

ఖో-ఖో ఆడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఎనిమిది మంది మధ్యలో వరసగా, ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో మనిషి తరుముతుంది. తరిమే మనిషి ఒక దిక్కు పట్టిందంటే వెనక్కి తిరగకూడదు, కూర్చున్నవాళ్ల మధ్యలోంచి అవతలికి దాటకూడదు. తప్పించుకునే వాళ్లకు ఆ కట్టుబాటు లేదు, ఏ సందులోంచి అయినా దూరొచ్చు. అందుకే ఈ ఆటలో ఒట్టి వేగం చాలదు. వీపు మీద చెయ్యి పడి "ఖో" అని వినపడగానే గొంతుకూర్చున్న చోటినుంచి ఒక్క ఊపులో లేచి దూకాలి. అలా లేచేటప్పుడే నా కుడి మోకాలి కింద పోటు మొదలైంది.

మోకాలి చిప్పకు కొంచెం కింద ఒక బుడిపె లేచింది. వేలు తగిలితే చాలు, కళ్లలో నీళ్లు వచ్చేవి. నేను ఎవరికీ చెప్పలేదు. అంతకు ముందు ఒకసారి ఒక అబ్బాయి కాలు నొప్పి అంటే సార్ నవ్వుతూ, "నొప్పి అనేవాళ్లు ఇంటికెళ్లి క్యారమ్స్ ఆడుకోండి" అన్నారు. అందరం నవ్వాం. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను. ఇప్పుడు నేను ఏ ముఖంతో చెప్పాలి? మా అవ్వ మాత్రం కనిపెట్టి, "ఏమే, కాలు ఈడుస్తా నడుస్తాండావు?" అని అడిగింది. చెప్పు కరిచిందని అబద్ధం ఆడాను.

పోటీ రోజు రెండో మ్యాచ్‌లో నేను రెండుసార్లు ఆలస్యంగా లేచాను. మూడోసారి లేచి రెండడుగులు వేసి పడిపోయాను. మేం ఓడిపోయాం. మా జట్టులో ఎక్స్‌ట్రా ప్లేయర్‌గా కూర్చున్న అమ్మాయి నా బెంచీలోనే కూర్చుంటుంది. బస్సులో అది నన్ను తిట్టలేదు. "ముందే చెప్పుంటే నేను ఆడేదాన్ని కదే" అంది, అంతే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

తర్వాత డాక్టరమ్మ చూసి చెప్పింది. మా వయసులో ఎముకలు తొందరగా పొడుగవుతాయి, కండరాలు అంత తొందరగా సాగవు. తొడ కండరం ముందువైపు నుంచి మోకాలి మీదుగా దిగి కాలి ఎముకకు అతుక్కునే చోట ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. దూకినప్పుడల్లా, గొంతుకూర్చుని లేచినప్పుడల్లా అక్కడ లాగుతుంది. దీన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారట. ఎదుగుదల ఆగాక మామూలుగా తగ్గిపోతుంది, కానీ అంతవరకు దూకుళ్లు తగ్గించి తొడను సాగదీసే వ్యాయామాలు చెయ్యాలి. ఇంకో మాట కూడా చెప్పింది. పరిగెత్తడం కంటే పరుగును ఉన్నట్టుండి ఆపి తిరగడంలోనే మోకాలి మీద బరువు ఎక్కువ. నొప్పి ఉన్న కాలిని కాపాడుకుంటూ తిరిగితే తప్పుగా తిరగడమే అలవాటవుతుంది. అంటే ఆఖరి మూడు వారాలు నేను నేర్చుకున్నది కుంటడం!

మా అవ్వ కర్ణుడి కథ చాలాసార్లు చెప్పింది. తొడను పురుగు తొలుస్తున్నా గురువు నిద్ర చెడకూడదని కర్ణుడు కదలలేదు. చిన్నప్పుడు ఆహా ఎంత ఓర్పు అనుకునేదాన్ని. ఈసారి వేరేగా అనిపించింది. కర్ణుడు బ్రాహ్మణుణ్ణని చెప్పి పరశురాముడి దగ్గర చేరాడు. గురుభక్తి ఉంది, నిజమే, కానీ నిజం తెలిస్తే విద్య పోతుందనే భయం కూడా అతని లోపల ఉండే ఉంటుంది. చివరికి ఆ ఓర్పే అతన్ని పట్టించింది, శాపం తెచ్చింది. నాకూ అలాంటి భయమే. మా నాన్న ఆటో నడుపుతారు. స్పోర్ట్స్ సర్టిఫికెట్ ఉంటే రేపు కాలేజీ సీటుకు పనికొస్తుందని ఇంట్లో అందరూ అంటారు. నా చోటు ఇంకొకరికి పోతుందేమోనని దాచాను. పైకి అది ధైర్యంలాగా కనపడింది.

కొందరు గోపీచంద్ పేరు చెప్తారు, మోకాలు పోయినా ఆడి గెలిచాడు కదా అని. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ మన బెంగళూరులోనే ప్రకాశ్ పదుకొనె దగ్గర శిక్షణ తీసుకున్నారు. 1994లో ఆయన మోకాలి లిగమెంట్ తెగింది. ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో. మధ్యలో ఏడేళ్లు ఉన్నాయి. ఆ ఏడేళ్లలో ఆపరేషన్లు ఉన్నాయి, మళ్లీ మొదటినుంచి కాళ్లను సిద్ధం చేసుకోవడం ఉంది. ఆయన పట్టుదలను పొగుడుతూ ఆ ఏడేళ్లను మింగేస్తే ఎలా?

అయినా అన్ని నొప్పులూ ఒకటి కావు. పరుగు తర్వాత తొడలు మండడం వేరు, రోజూ ఒకేచోట పోటు రావడం వేరు. మొదటిదానికి ఆగిపోతే ఎవరికీ వేగం రాదు, ఆ విషయంలో సార్ మాట నిజమే. తేడా నాకు తెలుసు, తెలిసే దాచాను. సార్ ఆ జోకు వెయ్యకుండా ఉంటే చెప్పేదాన్నేమో. అందుకని తప్పంతా ఆయన మీద తోసెయ్యడానికి మనసొప్పదు, అంతా నా మీద వేసుకోవడానికీ ఒప్పదు. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అని ఆయన అడిగినప్పుడు క్యారమ్స్ మాట గుర్తుచేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఈ ఏడాది పరుగు మొదలుపెట్టే ముందు సార్ వరసలో ఒక్కొక్కరినీ "ఎక్కడైనా పోటుందా?" అని అడుగుతున్నారు. నేను ఉంది అంటే ఆ రోజు నిచ్చెన గళ్లు లేవు, గోడ పట్టుకుని తొడ సాగదీయడమే. అక్కడినుంచి చూస్తే నా చోట్లో నా బెంచీ అమ్మాయి లేచి దూకుతుంటుంది. బాగా ఆడుతోంది. నాకు కుళ్లుగానే ఉంటుంది.