సిలువకు పూలెందుకు?



గోదావరిఖనిలో మా చిన్న మందిరము ముందు రాతి సిలువను నిలుపవలెనని సంఘపెద్దలు తలంచిరి. నమూనాగా మేము చెన్నైలోని తోమా కొండమీద నున్న ప్రాచీన సిలువ పటమును చూపితిమి. భర్తను పోగొట్టుకొని ఏడాది నిండని ఒక తల్లి దానిని చాలసేపు చూచి, “అయ్యగారూ, పానం తీసిన కట్టెకు పూలెందుకు?” అని అడిగెను. మాకు వెంటనే మాట రాలేదు.

ఆ సిలువ 1547లో పోర్చుగీసువారు పునాదులు త్రవ్వించుచుండగా బయటపడెను. పండితులు దానిని 7 మొదలు 9వ శతాబ్దము వరకు గల కాలమునకు చెందినదిగా ఎంచుదురు. చుట్టును పారసీకుల పహ్లవీ అక్షరములు, ఇరుప్రక్కల స్తంభములు, వాటిపైన, మన దేశపు గుడులలో కనబడునట్లే, మకరముల నోట వెలువడు తోరణము. పైన దిగివచ్చు పావురము. అడుగున ఆకులు పైకి లేచుచున్నవి, కొనలు మొగ్గ తొడిగియున్నవి. ప్రభువు దేహము మాత్రము చెక్కబడలేదు. కేరళలోని కొట్టాయము వలియపల్లిలోను ఇట్టి సిలువలు రెండు కలవు.

ఇది నొప్పిని కప్పిపుచ్చుటయా? రోమీయుల కాలమున సిలువ నేరస్థులను చంపు మ్రాను. దానిని పూలతో మరుగుపరచినయెడల మనము అబద్ధికుల మగుదుము. అయితే ఆ మొగ్గలు సిలువకు వేసిన దండ కావు, మ్రానులోనుండియే పుట్టినట్లున్నవి. సంఖ్యాకాండము 17వ అధ్యాయములోని అహరోను కఱ్ఱయు ఎండినదే గదా! దానిని ఒక్క రాత్రిలో చిగిర్పజేసినది అహరోను కాడు, దేవుడే.

గనిలో దిగు మన సహోదరులు బొగ్గు పొరల నడిమి రాతిపై ఆకుల అచ్చులు చూచుచుందురు. కోట్ల యేండ్ల క్రిందట చచ్చి పూడిన ఆకు ఈనెతో సహా నిలిచియున్నది. నేడు మన యిండ్లలో దీపము వెలుగుటయు అట్లు పూడినదానివలననే.

అయినను ఒకటి మరువరాదు. ఇతరుల దుఃఖముమీద పూలు చెక్కు అధికారము మనకు లేదు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతనితో కూర్చుండినంతకాలము మేలు చేసిరి. నోరు తెరచి కారణములు చెప్పనారంభించిన తరువాతనే గాయపరచిరి.

కాబట్టి మేము ఆ తల్లికి ఈ మాటలేవియు చెప్పలేదు. ఆమె యింటికి పోయి కూర్చుంటిమి. కొన్ని వారములైన పిమ్మట ఆమెయే, “మొగ్గలదాకనే చెక్కియ్యుండ్రి అయ్యగారూ. నాకింక పువ్వు పూయలే” అనెను.

పెద్దలు అట్లే నిర్ణయించిరి. పునరుత్థానుడైన ప్రభువు తన సమయమందు ఆ మొగ్గను విప్పును గాక.