చనిపోయిన జీవి తోలుతో బతకడం తప్పా?



మొన్న పున్నమి వందన అయిపోయాక ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, చచ్చిన పక్షుల్ని, కుక్కల్ని బతికున్నట్టు తయారుచేసే పని నేర్చుకున్నా. చిన్న షాపు పెడదామనుకుంటున్నా. అమ్మ ఏడుస్తోంది. తాత పని నుంచి బయటపడటానికి ఇంత కొట్లాడితే మళ్ళీ తోలు దగ్గరికే పోతావా అంటోంది. ధమ్మం ఏమంటది?" అని అడిగాడు. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు మీతో కలిసి ఆలోచిస్తున్నాను.

ఆ పనిని టాక్సిడెర్మీ అంటారు. చనిపోయిన జీవి తోలు చిరగకుండా ఒలిచి, కండా కొవ్వూ గీకి, ఉప్పు పట్టించి, పదును చేస్తారు. ఆ జీవి ఆకారంలో చేసిన బొమ్మకు దాన్ని తొడిగి కుట్టి, గాజు కళ్ళు పెడతారు. ఇందులో సగం మన తాతలు లందల్లో సున్నంతో, తంగేడు చెక్కతో చేసిన పనే. మైసూరులో వాన్ ఇంగెన్ కంపెనీ 1900 ప్రాంతం నుంచి 1999 దాకా రాజులు, దొరలు వేటాడిన పులులకు ఇదే పని చేస్తే లోకం కళ అంది. పులిని చంపినవాడు వీరుడు, దాని తోలు నిలబెట్టినవాడు కళాకారుడు, చచ్చిన గొడ్డును ఊరి నుంచి తీసేసినవాడు మాత్రం అంటరానివాడు! మైల తోలులో ఉంటే ముగ్గురికీ అంటాలి కదా?

మరి 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్ల పని మానమని ఎందుకన్నారు? తోలు మైల అని కాదు. ఆ పని మన మీద పుట్టుకతో మోపారు కాబట్టి. ఆ పని మానితే ఏటా ఐదు వందల రూపాయలు పోతాయని కొందరు వాదించారు. మీరే ఆ పని చేయండి, నేనే ఇంకో ఐదు వందలు ఇస్తాను అని తాను జవాబిచ్చినట్టు 1956లో నాగపూర్‌లో చెప్పారు. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న మనవాళ్ళను కొట్టారు. చేయకపోతే తిడతారు, చేస్తే కొడతారు. దెబ్బలు తిన్న ఆ కుటుంబం 2018లో బౌద్ధం స్వీకరించింది.

ఇక ధమ్మం సంగతి. ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తు, విషం. ఈ ఐదు వ్యాపారాలు ఉపాసకుడు చేయకూడదని బుద్ధుడు చెప్పాడు. టాక్సిడెర్మీ ఆ ఐదింటిలో లేదు. లేదు కదా అని ఊరుకుంటే చాలదు. అహింస వట్టి నియమం కాదు, సూత్రం అన్నారు బాబాసాహెబ్. నియమాన్ని కళ్ళు మూసుకుని పాటించొచ్చు. సూత్రం పాటించాలంటే ఆలోచించాలి.

కాబట్టి తమ్ముడూ, నీకు నువ్వే మూడు ప్రశ్నలు వేసుకో.

మొదటిది: ఆ జీవి ఎట్లా చనిపోయింది? చచ్చిన పాలపిట్ట తెస్తే వెయ్యి రూపాయలిస్తానని చెప్పి చూడు, తెల్లారేసరికి పది వస్తాయి. ఉండేలు నీ చేతిలో లేకపోయినా డబ్బు నీదే. లైసెన్సు లేకుండా వన్యప్రాణులతో ఈ పని చేయడాన్ని 1972 నాటి చట్టం కూడా నిషేధించింది. ముంబయి సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలో 2009లో పెట్టిన కేంద్రంలో పశువైద్యుడు డాక్టర్ సంతోష్ గైక్వాడ్ సహజంగా చనిపోయిన పులులను, సింహాలను జనం చూసి తెలుసుకోవడానికి నిలబెట్టారు. దారి అట్లా కూడా ఉంది.

రెండోది: దేన్ని అమ్ముతున్నావు? చదువుకునే పిల్లలకు ఒక పక్షి రెక్క ఎట్లా ఉంటుందో చూపించడం జ్ఞానం. కుక్క పోయిన దుఃఖంలో ఉన్నవాడికి "మళ్ళీ బతికిస్తా" అని చెప్పడం మోసం. చనిపోయిన బిడ్డను ఎత్తుకొచ్చిన కిసాగోతమికి బుద్ధుడు బొమ్మ చేసివ్వలేదు, చావు లేని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు. నువ్వు కూడా నిజం చెప్పాకే పని ఒప్పుకో.

మూడోది: వద్దనుకున్న రోజు కత్తి కింద పెట్టగలవా? నీ కొడుకు ఇంకో పని చేసుకోగలడా?

ఈ మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పగలిగితే షాపు పెట్టుకో. కానీ ముందు అమ్మ దగ్గర కూర్చో. ఆమె కన్నీళ్ళు మూఢత్వం కాదు, అనుభవం. తాతకు వద్దనే హక్కు లేదు, నీకు ఉంది. తేడా అదే అని ఆమెకు చెప్పు. ఆ హక్కు పోయిన రోజు షాపుకు తాళం వేసెయ్.

జై భీమ్! నమో బుద్ధాయ!