వదిలేసిన బంతి

క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లకి బేస్‌బాల్‌లో మొదట వింతగా అనిపించేది, కొట్టని బంతికి కూడా లెక్క ఉండటం. బ్యాటర్ బ్యాట్ ఊపకుండా వదిలేసినా వెనకాల ఉన్న అంపైర్ తీర్పు చెప్తాడు. 17 అంగుళాల ప్లేట్ మీదుగా, సుమారుగా మోకాళ్లకీ ఛాతీకీ మధ్య వస్తే అది స్ట్రైక్. లేకపోతే బాల్. మూడు స్ట్రైకులైతే అవుట్. నాలుగు బాల్స్ అయితే తాపీగా మొదటి బేస్‌కి నడిచి వెళ్లిపోవచ్చు.

పిచ్చర్ నిలబడే చోటు 60 అడుగుల 6 అంగుళాల దూరం. గంటకి 95 మైళ్ల బంతి సుమారు 0.4 సెకనులో వచ్చేస్తుంది. బ్యాట్ ఊపడానికే అందులో మూడో వంతుకి పైగా పోతుంది. మిగిలిన ఆ కాస్తలో ‘బాగా ఆలోచించి నిర్ణయించుకోవడం’ కుదిరే పని కాదు.

అయితే ఇదంతా చురుకైన కళ్ల మహిమేనా? 2004లో ఒక ఆల్‌స్టార్ సాఫ్ట్‌బాల్ ఆటలో జెన్నీ ఫించ్ ఆల్బర్ట్ పుహోల్స్‌ని, మైక్ పియాజాని స్ట్రైకౌట్ చేసింది. వాళ్లు బేస్‌బాల్‌లో మహామహులు. కళ్లు అవే, చేతులు అవే. కానీ కిందనుంచి తిరిగి వచ్చే ఆ చేతిని చదవడం వాళ్లకి అలవాటు లేదు. టెడ్ విలియమ్స్ చూపు గురించి కథలు కథలుగా చెప్పుకునేవారు. ఆయన మాత్రం అది కళ్ల గొప్ప కాదు, క్రమశిక్షణ అనేవాడు. తన పుస్తకంలో స్ట్రైక్ జోన్‌ని 77 బంతులుగా విడగొట్టి, ఎక్కడి బంతిని కొడితే తన సగటు ఎంతుంటుందో వేసుకున్నాడు. మధ్యలో .400, బయటివైపు కింది మూలలో .230.

ఈ చూపుని ఇప్పుడు వీడియోతో నేర్పుతున్నారు. తెరమీద పిచ్చర్ బంతి విసురుతాడు. బంతి చేయి దాటిన కాసేపట్లోనే తెర నల్లబడుతుంది. ఫాస్ట్‌బాలా, కర్వా? స్ట్రైకా, బాలా? చెప్పాలి. వెంటనే సరైన జవాబు చూపిస్తారు. మళ్లీ ఇంకోటి. సదరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో పీటర్ ఫాడీ ఏళ్ల తరబడి ఈ పద్ధతి మీదే పనిచేశాడు.

ఐరిస్ మర్డాక్ నీతి గురించి చెప్పింది కూడా దాదాపు ఇదే. మనం ఎంచుకునే క్షణం వచ్చేసరికే ఎంపిక చాలావరకు అయిపోయి ఉంటుంది, అంతకుముందు మనం దేన్ని ఎలా చూస్తూ వచ్చామన్నదే దాన్ని తేల్చేస్తుంది అంటుందామె. అంటే ‘ఆ క్షణంలో అలా అనిపించింది’ అని తప్పించుకోలేం. ఆ 0.4 సెకను మన చేతిలో లేకపోవచ్చు. దానికి ముందు గడిచిన ఏళ్లు మనవే కదా.

ఇంతవరకూ ఒప్పుకోవడం తేలికే. నన్ను ఇబ్బంది పెట్టేది దీని తర్వాతి మాట.

ఆఫీసులో నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ‘రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది’ అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఒకసారి ఒక అబ్బాయి ప్రతి జవాబుకి ముందు ఇంగ్లిష్ మాట కోసం వెతుక్కుంటూ ఆగాడు. మనసులో ‘నో’ పడిపోయింది. మిగతా సమయమంతా ఆ ‘నో’కి సాక్ష్యాలు పోగేసుకున్నాను. కొన్ని వారాల తర్వాత వేరే పనిమీద పాత నోట్స్ తిరగేస్తుంటే అతని జవాబులు కనిపించాయి. అన్నీ సరైనవే. నేను రాసుకున్నవే. అప్పటికే అతనికి ‘సారీ’ మెయిల్ వెళ్లిపోయింది.

బ్యాటర్ చూపు పదునెక్కేది వేల బంతులు చూసినందుకు మాత్రమే కాదు. ప్రతి బంతికీ, వదిలేసినదానికి కూడా, ఎవరో ఒకరు జవాబు చెప్తారు కాబట్టి. నేను తీసుకున్నవాళ్లు రోజూ ఎదురుగా కనిపిస్తారు, బాగా పనిచేస్తారు, నా అంచనా మీద నాకు నమ్మకం పెరుగుతుంది. వద్దన్నవాళ్లు ‘నువ్వు పొరబడ్డావు’ అని చెప్పడానికి తిరిగి రారు. పదేళ్లు అలా గడిస్తే దాన్ని అనుభవం అంటాం. నిజానికి అది అంపైర్ లేకుండా ఆడిన ఆట. అద్దె ఇల్లు లేదని చెప్పిన మనిషి విషయంలోనూ, పెళ్లిచూపుల్లో నచ్చలేదన్న మనిషి విషయంలోనూ ఇదే జరుగుతుంది.

అందుకే మంచి చూపు ఉండటం మన బాధ్యతలో సగమే అనుకుంటున్నాను. మన చూపుని తప్పని చెప్పగలవాళ్లని పక్కన పెట్టుకోవడం రెండో సగం. ఇప్పుడు ప్యానెల్‌లో ఇద్దరం కూర్చుంటాం. ఒకరిది ఒకరు చూడకుండా అభిప్రాయం రాసి, తర్వాత పోల్చుకుంటాం. ఎన్నిసార్లు తేడా వచ్చిందో చెప్పడానికి ఇంకా సిగ్గుగానే ఉంది.