గోడ వెనుక కాలువ



మనలో కొందరము చెన్నైలోనో ముంబైలోనో కాపురముండి, కొరాపుట్ కొండలలోని పాత ఇంటిని బాగుచేయించుచున్నాము. జూన్‌లో వానలు పట్టకముందే పైకప్పు ముగియవలెను. రంగువేసిన ముందుగోడ ఫోటోను మేస్త్రీ ఫోనులో పంపగా చూచి సంతోషించెదము. అయితే కొండవాలులో ఇంటిని కాపాడునది వెనుకగోడ ప్రక్కన వాననీటిని మళ్లించు కాలువ. అది ఆ ఫోటోలో కనబడదు.

యోవాషు రాజు దినములలో యెహోవా మందిరమునకును మరమ్మతు కావలసివచ్చెను. అతని ఏలుబడి 23వ సంవత్సరము వచ్చినను యాజకులు పని జరిగింపలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర ఉంచెను. అందులో పడిన ద్రవ్యమును రాజు లేఖికుడును ప్రధానయాజకుడును కలిసి లెక్కించిరి. అది వడ్లవారికి, కాసెపనివారికి చేరెను. పని చేయించినవారు నమ్మకస్తులు గనుక వారిని లెక్క అడుగలేదు (2 రాజులు 12:15).

ప్రియులారా, దూరముననున్న మనము కూలివారి కూలిని ఆపక సకాలములో పంపుదము. బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు హెచ్చరించెను (5:4). మన ఉద్యోగములలోను, సంఘ పరిచర్యలోను ఎవరును చూడని కాలువపనిని శ్రద్ధగా చేయుదము. మన యజమానుడు వచ్చునప్పుడు గోడ వెనుకకును వెళ్లి చూచును. ఆమేన్.