గడియారం ఎవరిది?

నిజాయితీ మనిషి స్వభావంలో ఉంటుందా, అతడు బతికే పరిస్థితులలో ఉంటుందా? భావవాదులు మొదటిదే సత్యమంటారు. మనిషి గుణం మారితే లోకం దానంతట అదే మారుతుందంటారు. యాంత్రిక భౌతికవాదులు రెండవ కొసకు పోయి, అబద్ధమాడడానికి వీలులేని యంత్రం ఒకటి ఉంటే చాలునంటారు. ఈ రెండవ వాదానికి అమెరికా లారీలలో పెద్ద ఎత్తున పరీక్ష జరిగింది. దాని ఫలితం మనం ఆలోచించదగ్గది.

అమెరికాలో లారీ డ్రైవరు పనిగంటలకు ప్రభుత్వం 1930ల చివరినుంచి హద్దు పెడుతూ వస్తున్నది. ఇప్పటి నిబంధనల ప్రకారం సరుకు లారీ డ్రైవరు వరుసగా 10 గంటలు విశ్రమించాలి. పనిలోకి దిగిన తర్వాత 14 గంటల గడువులో, మొత్తం 11 గంటలకు మించి బండి నడపరాదు. ఈ లెక్కను దశాబ్దాలపాటు డ్రైవరే కాగితంమీద రాసేవాడు. ఆ చిట్టాలను డ్రైవర్లే "బొమ్మల కథల పుస్తకాలు" అని ఎగతాళి చేసుకునేవారు. 2012లో అక్కడి కాంగ్రెసు కాగితం స్థానంలో ఎలక్ట్రానిక్ యంత్రం ఉండాలని చట్టం చేసింది. 2017 డిసెంబరు 18న అది అమలులోకి వచ్చింది. ఇంజనుకు అనుసంధానమైన ఈ యంత్రం, బండి గంటకు 5 మైళ్ల వేగం అందుకోగానే డ్రైవరు నడుపుతున్నాడని తనంతట తానే రాసుకుంటుంది. అలా రాసిన కాలాన్ని కుదించడానికి డ్రైవరుకూ వీలులేదు, కంపెనీకీ వీలులేదు.

యంత్రం వచ్చాక కంపెనీలు తమ నియమావళులను తిరగరాసుకోవలసి వచ్చింది. యంత్రం చెడితే ఎప్పటిలోగా తెలియజేయాలి, చిట్టాలో సవరణ ఎవరు చేయాలి, రోజు చివర ఎవరు ధ్రువీకరించాలి - ఇటువంటివన్నీ అందులోకి ఎక్కినవి. ఇవి అవసరమే. కాని వీటికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఆ డ్రైవరు అసలు అబద్ధం ఎందుకు రాశాడు?

దూరప్రయాణపు డ్రైవర్లలో ఎక్కువమందికి కూలి మైలు లెక్కన ముడుతుంది. చక్రం తిరిగితేనే డబ్బు. గోదాము వాకిట సరుకు ఎక్కించేదాకా నాలుగు గంటలు నిలబడితే, మొదటి రెండు గంటలకు సాధారణంగా ఏమీ రాదు. మిగతా కార్మికులకు అదనపు గంటలకు అదనపు వేతనం హక్కుగా ఇచ్చిన 1938 నాటి చట్టం, రాష్ట్రాల సరిహద్దులు దాటే లారీ డ్రైవరును ఆ హక్కుకు వెలిగా ఉంచింది. అటువంటివాడు నిజం రాస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. అబద్ధం అతడి కలంనుంచి వచ్చిన మాట నిజమే. కాని దాని లాభం సరుకు వేళకు అందినవాడికీ, కిరాయి వసూలు చేసుకున్నవాడికీ చేరింది. అబద్ధం కూలివాడిది, ఫలం యజమానిది.

ఇందువల్ల యంత్రమే శత్రువని తీర్మానించడం తొందరపాటు. అలసిన డ్రైవరు కునుకు తీస్తే చచ్చేది అతడొక్కడే కాదు. ఎదురుగా వచ్చే బస్సులోని పిల్లలు కూడా. పైగా "నాకిక గంటలు లేవు" అని కంపెనీకి చూపడానికి యంత్రం డ్రైవరుకు ఒక సాక్ష్యం. ఇంగ్లండులో 1844 నాటి ఫ్యాక్టరీ చట్టం పనివేళలను బహిరంగ గడియారాన్నిబట్టి, ఉదాహరణకు దగ్గరలోని రైలు గడియారాన్నిబట్టి, లెక్కించాలని విధించింది. మార్క్స్ తన "పెట్టుబడి"లో పనిదినాన్ని గురించిన అధ్యాయంలో ఈ సంగతి చెప్పాడు. కాలాన్ని కొలవడం కార్మికుడికి కీడు కాదు. యజమాని జేబులోని గడియారంతో కొలవడమే కీడు.

కాని రైలు గడియారం కార్మికుడి పక్కలోకి రాలేదు. లారీ క్యాబిను డ్రైవరు పడుకునే గది కూడా. ఈ యంత్రాన్ని గురించి ముందు తెచ్చిన నిబంధనను 2011లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టివేసింది. డ్రైవర్లను వేధించడానికి దానిని వాడకుండా తగిన రక్షణ లేదన్నది కారణం. తర్వాతి నిబంధనలో ఆ రక్షణ చేరింది. 2016లో అదే కోర్టు దానిని సమర్థించింది. ఈ రక్షణ దయాధర్మంగా రాలేదు. డ్రైవర్ల సంఘం కోర్టుకెక్కి పోరాడితే వచ్చింది.

మరి ఫలితం? 2021లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం పనిగంటల ఉల్లంఘనలు తగ్గినవి. ప్రమాదాలు మాత్రం తగ్గలేదు. చిన్న కంపెనీల డ్రైవర్లలో అతివేగం వంటి ప్రమాదకరమైన నడక పెరిగింది. ఇందులో వింత లేదు. గోదాము వాకిట నిలబడినా ఆ 14 గంటల గడియారం ఆగదు. అక్కడ పోయిన గంటను రోడ్డుమీద రాబట్టుకోవాలి. గోదాముల వద్ద ఆగే సగటు కాలం 15 నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందని అమెరికా రవాణా శాఖ తనిఖీ విభాగం 2018లో అంచనా వేసింది. బండి కదిలిందా లేదా అన్నది యంత్రానికి తెలుసు. మనిషి అలసట దానికి తెలియదు. ఎద్దు పుండు కాకికేమి తెలుస్తుంది?

కనుక నియమావళిని సవరించడమంటే డ్రైవరుమీద నాలుగు కొత్త నిషేధాలు చేర్చడం కాదు. నిలబడిన గంటకు కూలి ఇవ్వాలి. దాని ఖర్చు నిలబెట్టినవాడిమీద పడాలి. గంటలు మిగిలి ఉన్నా "అలసిపోయాను" అన్నవాడికి శిక్ష ఉండరాదు. డ్రైవరు ఒప్పుకోకుండా చిట్టాలో అక్షరం మారరాదు. విశ్రాంతి వేళ కంపెనీ కన్ను అతడిమీద ఉండరాదు. ఈ నియమాలు రాసే బల్లదగ్గర డ్రైవర్ల ప్రతినిధులు కూర్చోవాలి.

బలహీనుడినుంచి మాత్రమే నిజం రాబట్టి, బలవంతుడిని లెక్క అడగని వ్యవస్థను నీతిమంతమని అనలేము. యంత్రం డ్రైవరు చేత నిజం చెప్పించగలిగింది. ఆ నిజం చెప్పినందుకు అతడు నష్టపోకుండా చూడడం యంత్రంవల్ల అయ్యే పని కాదు. అది మనుషుల పని, సంఘటితమైన శ్రామికుల పని.